గోతిలో పెట్టిన కొమ్మ

కరుణా,

బాగున్నావా అని రాయబోయి ఆగాను. నువ్వు వెళ్ళి ఏడు నెలలైంది. మంచు కరిగింది, ఎండలు కూడా వచ్చేశాయి. నీకు చెప్పడానికి మంచి కబురు మాత్రం ఒక్కటీ లేదు.

మన వీధి మలుపులో గొయ్యి అలాగే ఉంది. అలాగే అనడం కూడా అబద్ధమే... చలికాలమంతా మంచు తీసే బండ్లు గీకి గీకి దాన్ని ఇంకా పెద్దది చేశాయి. మన ఇంటి నుంచి బయటికి వెళ్ళడానికి ఉన్నది ఆ ఒక్క దారే కదా. రోజూ దాని మీదుగానే వెళ్ళి వస్తున్నాను.

కీమో చేయించుకుని వస్తున్నప్పుడు ఆ మలుపు రాగానే నువ్వు రెండు చేతులతో పొట్ట పట్టుకునేదానివి. "ఏమండీ, కొంచెం మెల్లగా..." అనేదానివి. అంతకంటే మెల్లగా నడపడం నాకు చేతకాలేదు. ఒకరోజు ఇంటికి రాగానే సోఫాలో వాలి, ఆ నొప్పితోనే ఫోన్ తీసి, టౌన్ ఆఫీసు వాళ్ళ యాప్‌లో కంప్లయింట్ పెట్టావు. నేను విసుక్కుంటే "ఈ దేశంలో చెబితే వింటారండీ, మనమే చెప్పం" అన్నావు.

షాంటిలీ చర్చిలో బుధవారం ప్రార్థన కూటం గుర్తుందా? అందరూ వీసాల కోసం, గ్రీన్ కార్డుల కోసం ప్రార్థన చేయమంటే, నువ్వు రోడ్డు కోసం చేయమన్నావు. పాస్టర్ గారు కళ్ళు మూసుకుని నవ్వు ఆపుకున్నారు. నేనెలా చూశానని అడగకు.

ఎవరు విన్నారు కరుణా?

నువ్వు ఇంట్లోనే కన్నుమూశావు. ఫ్యూనరల్ హోమ్ వాళ్ళు వచ్చి నిన్ను తీసుకెళ్తుంటే నేను గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. బండి మలుపు దాకా మెల్లగానే వెళ్ళింది. అక్కడ ఒక్కసారి కిందికి దిగి లేచింది. ఆ చప్పుడు గుమ్మం దాకా వినిపించింది. నీకిక నొప్పి తెలియదని తెలుసు... అయినా నా చేతులు నా పొట్ట మీదికి వెళ్ళాయి.

మొన్నటి వానలకి గొయ్యి నీళ్ళతో నిండి, కనపడకుండా పోయింది. పక్కింటి లిండా కారు అందులో పడి టైరు పగిలింది. నాకు చీరాల గుర్తొచ్చింది. మన వైపు రోడ్డు మీద గొయ్యి పడితే ఎవరో ఒకరు పచ్చి కొమ్మ విరిచి అందులో గుచ్చేవారు కదా. దూరం నుంచే అది చూసి బండ్లన్నీ పక్కకి తప్పుకునేవి. నేనూ పెరట్లో మేపుల్ కొమ్మ ఒకటి నరికి, ఆకులు బాగా కనిపించేలా గోతిలో నిలబెట్టి, చుట్టూ రాళ్ళు పేర్చి వచ్చాను. నువ్వు పోయాక నేను చేసిన మొదటి పనికొచ్చే పని ఇదే అనుకున్నాను.

ఇన్నాళ్ళూ రాని టౌన్ ఆఫీసు వాళ్ళు మర్నాడే వచ్చారు. బండిలోంచి ఇద్దరు దిగి కొమ్మ పీకారు, రాళ్ళు ఏరి బండిలో వేసుకున్నారు. గొయ్యి వైపు కన్నెత్తి కూడా చూడలేదు. నేను చెప్పులు వేసుకుని బయటికి వచ్చేసరికి వెళ్ళిపోయారు.

సాయంత్రం నీ ఫోన్ మోగింది. రోడ్డుకి అడ్డంగా పడిన చెట్టు కొమ్మను తొలగించామని, నీ కంప్లయింట్ పరిష్కారమైంది కాబట్టి మూసేస్తున్నామని మెసేజ్. మా పని మీకు నచ్చిందా, ఎన్ని స్టార్లు ఇస్తారు అని కూడా అడిగారు. అప్పటిదాకా అక్కడ 'పరిశీలనలో ఉంది' అని ఉండేది. రోజూ తెరిచి చూసుకునేవాణ్ణి. నీ పేరు మీద ఈ లోకంలో ఇంకా ముగియకుండా ఉన్నది అదొక్కటే కదా... దాన్ని చేజేతులా నేనే మూయించాను.

కౌన్సిల్ మీటింగ్‌కి వెళ్ళాను. మాట్లాడటానికి మూడు నిమిషాలు ఇచ్చారు. రికార్డుల ప్రకారం సమస్య తీరిపోయిందన్నారు. ఆ కొమ్మ పెట్టింది నేనే అన్నాను. రోడ్డు మధ్యలో కొమ్మ ఎందుకు పెట్టారని ఒకావిడ మర్యాదగానే అడిగింది. మా వైపు అలా పెడితే అక్కడ గొయ్యి ఉందని అర్థం అని చెప్పాను. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రోడ్డు మీద అడ్డు పెట్టడం నేరమని, ఈసారికి వదిలేస్తున్నామని చెప్పారు. నేను వెళ్ళింది నీ నొప్పి గురించి చెప్పడానికి కరుణా... ఆ మాట మొదలుపెట్టకముందే టైమైపోయిందని ఎర్ర లైటు వెలిగింది. థాంక్యూ చెప్పి వచ్చి కూర్చున్నాను. ఎందుకు చెప్పానో ఆ థాంక్యూ?

మన షారోన్ ఇదంతా వదిలేయమంటోంది. నీ ఫోన్ లైన్ కూడా తీసేయమంటోంది. దాని తప్పేం లేదు, తండ్రి ఇలా అయిపోతుంటే ఏ కూతురైనా అదే అంటుంది. నేను ప్రార్థన కూటానికి కూడా వెళ్ళడం లేదు. వెళ్ళి ఏమని అడగను?

అయినా నిన్న మళ్ళీ కంప్లయింట్ పెట్టాను, నీ ఫోన్‌లోనే. పేరు దగ్గర నీ పేరు దానంతట అదే వచ్చింది. చెరపబోయాను, చెయ్యి రాలేదు. వెంటనే జవాబొచ్చింది. హలో కరుణా, మాకు తెలియజేసినందుకు థాంక్యూ, మీ కంప్లయింట్ పరిశీలనలో ఉంది అని.

రాసింది మనిషి కాదని నాకు తెలుసు. కానీ నువ్వు ఉన్నావన్నట్టు నిన్ను పేరుపెట్టి పిలిచేది ఇప్పుడు అదీ, నేనూ. అంతే.

ఆ గొయ్యి పూడుస్తారన్న నమ్మకం నాకు లేదు. పూడ్చేదాకా నీ ఫోన్‌కి ఛార్జింగ్ మాత్రం పెడుతూ ఉంటాను.

నీ
సుధాకర్