తొడిమ చూసి చెప్పాను

అమ్మా,

నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. సమాధి దగ్గరికి రాలేకపోయాను. ఎందుకో తెలిస్తే నువ్వే ఊరంతా చాటేదానివి.

హిమాలయాల పాదాల దగ్గర దొరికిన రాళ్ల మీద కోట్ల ఏళ్ల నాటి ఆకుల అచ్చులున్నాయని ఎస్టీడీ బూత్ నుంచి చెప్పేదాన్ని కదా. అవి ఎండాకాలం ఆకు రాల్చే చెట్లవేనని నా పరిశోధన చూసే సారు తేల్చేశారు. ఆయనదీ మన దర్శి వైపే. ఆకు వెడల్పు చూసి ఆ మాట అన్నారు. నాకు నమ్మకం కుదరలేదు. వినుకొండ కళ్లంలో మిరపకాయలు ఏరుతూ నువ్వు అరిచే అరుపే చెవిలో ఉంది: "రంగు చూసి మోసపోమాకే! తొడిమ చూడు. లోపల బూజుంటే అక్కడే తెలిసిపోద్ది."

అందుకే నెలల తరబడి తొడిమ మిగిలిన ఆకుల కోసమే రాళ్లన్నీ తిరగేశాను. మూడు దొరికాయి. మూడింటికీ తొడిమ ఆకును కలిసే చోట వేలి కణుపులా ఉబ్బు ఉంది. ఏడాది పొడవునా పచ్చగా ఉండే వానల అడవుల్లో ఇప్పటికీ అలాంటి చెట్లున్నాయి. అంటే ఆ కొండలు అంత ఎత్తు లేచి వానల తీరు మార్చకముందే అక్కడ పచ్చటి అడవి ఉండేదమ్మా!

ఈ పొద్దున సారు భూతద్దంలో చూసి లేచి నిలబడ్డారు.

"నేనే పొరబడ్డానమ్మా. తొడిమ చూడమని నీకెవరు చెప్పారు?"

"మా అమ్మండీ. మిరపకాయలు ఏరేది."

చిన్నప్పుడు రంగు చూసి ఏరానని నా గంప కుమ్మరించి, మొత్తం మళ్లీ ఏరించావు. ఈ గంపని నువ్వు కూడా కుమ్మరించలేవు.