శివ పడవకి గరుకు బిళ్ళ

గిలకలదిండి, మే 4

గుడివాడ మిషన్ల షాపు గోవర్ధనరావు గారికి తాతమ్మ నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం అని రాయాలంట, రాశాననుకోండి.

మీ దగ్గర కొన్న గీకుడు మిషన్‌కి వైరు లేదండీ. పెట్టె అడుగుదాకా వెతికాను. పసుపు రాసి, బొట్టు పెట్టి, నిమ్మకాయ కట్టాను. బొట్టుకి అడ్డమొచ్చిన రేకు ఊడదీశాను. అయినా తిరగట్లేదు. మా అబ్బాయి శివ పడవ ఒడ్డున బోర్లించి ఉంది. పాత రంగు గీకి కొత్తది వెయ్యాలి. వేట నిషేధం అయ్యేలోపు సిద్ధం కాకపోతే అమ్మేద్దామని మా తమ్ముడు నూకరాజు ఒకటే గొడవ. వెంటనే వైరు పంపండి.

ఇట్లు, తాతమ్మ

తా.క. ఫోన్ చెయ్యకండి, నాకు మాట కన్నా ముందు ఏడుపొస్తుంది. పెట్టెలో ఊరికే ఒక నల్ల దిమ్మ వచ్చింది. బరువుగా ఉంది, తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టాను.

గుడివాడ, మే 9

తాతమ్మ గారికి గోవర్ధనరావు నమస్కారాలు.

అమ్మా, దానికి వైరుండదు. మీరు తలుపుకి పెట్టిన దిమ్మే బ్యాటరీ. చార్జింగ్ పెట్టి తగిలించండి. ఊడదీసిన రేకు పేరు గార్డు. రంగు గీకే గరుకు బిళ్ళ పగిలితే ముక్కలు మొహాన కొట్టకుండా కాచేది అదే, ముందది బిగించండి. నిమ్మకాయ తీసెయ్యండి. గాలి బెజ్జాల్లో పసుపు తుడవండి. కళ్ళద్దాలు, మాస్కు లేకుండా ముట్టుకోవద్దు. రెండు చేతులా పట్టుకోవాలి, గట్టిగా నొక్కకూడదు, ఒకేచోట ఆపకూడదు. బిళ్ళ మార్చేటప్పుడు బ్యాటరీ తీసెయ్యాలి. ఓపిగ్గా గీకి వేసిన రంగు లేవదమ్మా. ఇదంతా మీ అబ్బాయికి చదివి వినిపించండి.

మీ గోవర్ధనరావు

తా.క. తలుపుకి ఇటుక పెట్టుకోండి.

గిలకలదిండి, మే 19

గోవర్ధనరావు గారికి తాతమ్మ వేల నమస్కారాలు.

తిరిగిందండీ! మీ ఉత్తరం అబ్బాయికి చదివి వినిపించాను. విన్నాడు, ఏమీ అనలేదు. కొంగు బిగించి దోపి నేనే పట్టాను. కళ్ళద్దాల మీద వాడి హెల్మెట్ కూడా పెట్టాను. వలలు కుట్టే పాపాయమ్మ చూసి, “ఏంటి తాతమ్మొదినా, బోర్లించిన పడవకి కూడా చలానా రాస్తున్నారా?” అంది. రాయనీ అన్నాను. ఒక పక్క పూర్తయింది. చెయ్యేస్తే పసిపిల్ల చెంపలా ఉంది. అబ్బాయిని ఎదురుగా డ్రమ్ము మీద కూర్చోబెట్టుకున్నాను. వాడు చూస్తుంటే నాకు చేతుల నొప్పి తెలీదు.

ఇట్లు, తాతమ్మ

తా.క. ఎండ తగులుతుందని వాడికి గొడుగు కూడా కట్టాను.

గుడివాడ, మే 23

తాతమ్మ గారికి,

గొడుగా! కన్నతల్లి చేత మిషన్ పట్టించి తను డ్రమ్మెక్కి గొడుగు కింద కూర్చుంటాడా? ముప్పై ఏళ్ళుగా మిషన్లు అమ్ముతున్నాను, ఇలాంటి సోమరిపోతుని చూళ్ళేదు. ఇది కూడా చదివి వినిపించండి: ఒరే శివా, సిగ్గుందిరా నీకు? దిగరా కిందకి!

ఆదివారం నేనే వస్తున్నాను. పారిపోకుండా పట్టి ఉంచండి.

గోవర్ధనరావు

తా.క. ఇంకో బ్యాటరీ తెస్తున్నాను. అది మీకు. వాడికి చెంపదెబ్బ.

గిలకలదిండి, జూన్ 17

అన్నయ్య గోవర్ధనరావు గారికి చెల్లెలు తాతమ్మ నమస్కారాలు.

ఆ ఆదివారం మీరు కేకలేసుకుంటూ వచ్చి, డ్రమ్ము మీద దండేసిన ఫోటో చూసి ఆగిపోయారు. చెప్పులు విప్పి నిలబడ్డారు. ముందే చెప్పకపోవడం నాదే తప్పు. నా బిడ్డ నిరుడు జ్వరంతో పోయాడండీ. పోయినకాణ్ణించి అందరూ వాణ్ణి బంగారం అంటారు, దేవుడంటారు. తిట్టేవాళ్ళే లేరు. “దిగరా కిందకి” అని మీరు రాసిన ముక్క ఎన్నిసార్లు చదివానో. తిట్లు తింటుంటే ఇంట్లో ఉన్నట్టే ఉన్నాడు.

పడవ నీళ్ళలో దిగింది. నూకరాజే వేటకి తీసుకెళ్ళాడు, అమ్మకం మాటే ఎత్తట్లేదు. ఎవరు గీకారని రేవంతా అడుగుతున్నారు. నేనేనని చెబుతున్నాను, అడగనివాళ్ళకి కూడా.

వెళ్ళేముందు మీరు, “పడవ ముక్కు దగ్గర జానెడు పాత నీలం రంగు వదిలేశారేంటమ్మా?” అన్నారు. దానికి జవాబు ఇప్పుడు రాస్తున్నాను. నిరుడు శివ చేత్తో గరుకు కాగితం పట్టి గీకి, ఆ జానెడు రంగేసి మంచాన పడ్డాడు. మిగతాది నూకరాజు గీకకుండా పూసేశాడు. ఏడాది ఉప్పునీళ్ళకి నూకరాజు పూసిందంతా పెచ్చులూడింది. శివ వేసిన జానెడు మాత్రం గోరంత లేవలేదు. ఓపిగ్గా గీకి వేసిన రంగు లేవదని మీరే రాశారుగా.

నా కొడుకు పనోడండీ.

ఇట్లు, శివ తల్లి తాతమ్మ

తా.క. అయినా సరే, ఈసారి ఉత్తరంలో వాణ్ణి ఇంకో రెండు తిట్టండి. చదివి వినిపిస్తాను.