మేఘనా నేనూ బాగుచేసిన అమెరికా కారు

ఎష్‌బోర్న్, జర్మనీ,
ఆదివారం మధ్యాహ్నం

అక్కకు,

తమ్ముడు శ్రీధర్ నమస్కారాలు. నేను ఇక్కడ ఆరోగ్యంగానే ఉన్నాను. నువ్వు, బావ, పిల్లలు కులాసాయేనా? బావకు దగ్గు తగ్గిందా? కరోనా పోయినా ఆ నీరసం నెలల తరబడి ఉంటుందని ఇక్కడా అంటున్నారు. పొద్దున్నే స్కూటర్ తీసి మార్కెట్‌కు పోనివ్వకు. నా గురించి దిగులు పడకు. టీకా వేయించుకున్నాను. ఆఫీసు పని ఇంకా ఇంట్లోంచే. వండుకుంటున్నాను, తింటున్నాను.

ఫోన్లో నీ గొంతు వింటే చెప్పలేనని రాస్తున్నాను. మేఘనను తీసుకుని శైలజ కెనడా వెళ్లిపోయింది. నేనే ఒప్పుకున్నాను. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు.

మేం విడిపోయాక మేఘన శని, ఆదివారాలు నా దగ్గర ఉండేదని నీకు తెలుసు. లాక్‌డౌన్ వచ్చాక ఆ రెండు రోజులు గడవడమే కష్టమైంది. పార్కు మూసేశారు, ఈతకొలను మూసేశారు. పదేళ్ల పిల్ల సోఫాలో ముడుచుకుని కిటికీ వైపు చూస్తూ కూర్చునేది. నేను తెలుగులో అడిగితే జర్మన్‌లో ఒక్క ముక్క జవాబు. అప్పుడు కొన్నాను ఆ కారు. పాత అమెరికన్ మజిల్ కారు. పొడుగాటి ముక్కు, రెండే తలుపులు, ఎనిమిది సిలిండర్ల ఇంజన్. ఒకప్పుడు ఇక్కడున్న అమెరికా సైనికుడెవరో స్వదేశం పోతూ ఒక రైతుకు అమ్మేశాడట. ఏళ్లుగా పశువుల కొట్టంలో పడి ఉంది. ఇళ్లలో చిక్కుకుపోయినవాళ్లు ఇలాంటి కార్లను వెతికి పట్టుకుని ప్రాణం పోస్తున్న రోజులవి. నాకు స్క్రూడ్రైవర్ పట్టుకోవడమే సరిగా రాదు, నీకు తెలియనిదేముంది. వీడియోలు చూసి నేర్చుకున్నాను.

మొదటి రోజే సీటు కింద ఎలుకల గూడు బయటపడింది. మేఘన ముక్కు మూసుకుని పకపకా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో! ఆ తర్వాత శుక్రవారం వచ్చిందంటే తనే ఫోన్ చేసేది. ఇక్కడి పిల్లల్లాగే నన్ను నాన్నా అనకుండా పాపా అనేది. "పాపా, రేపు బ్రేకులా?" తుప్పు గీకాం, బిగుసుకుపోయిన బోల్టులకు నూనె పట్టించాం. అమెరికా నుంచి రావలసిన విడిభాగాలు ఓడల్లో ఆగిపోతే, ఖాళీ గ్యారేజీలో కూర్చుని పులిహోర తిన్నాం. ఒకరోజు తనకే తెలియకుండా "నాన్నా, ఆ పానా ఇయ్యి" అంది. నేను పానా ఇవ్వడం మరచిపోయి నిలబడ్డాను.

ఈ వేసవిలో ఇంజన్ స్టార్ట్ కావలసింది, కాలేదు. విప్పి చూస్తే డిస్ట్రిబ్యూటర్ మూత కింద తిరిగే చిన్న రోటర్ లేదు. అది లేకపోతే ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టదు. గ్యారేజీ అంతా వెతికాం, మేఘన కూడా వెతికింది. సాయంత్రం తన జాకెట్ తీసి ఇస్తుంటే జేబులోంచి అదే కింద పడింది.

"ఎందుకు దాచినవ్ బిడ్డా?" అన్నాను.

కింద పడిన రోటర్ తీసి నా చేతిలో పెట్టింది.

"కార్ ఫెర్టిగ్ అయిపోతే నేనెందుకు రావాలె?"

పని పూర్తయిపోతే అని తన మాట. దగ్గరికి తీసుకున్నాను. "కార్ లేకున్నా నువ్వు రావాలె" అన్నాను.

ఆ మాట అన్న వారానికే శైలజ వచ్చింది. గ్యారేజీ బయటే మాస్కు పెట్టుకుని నిలబడింది.

"నా ఉద్యోగం పోయింది శ్రీధర్. ఇక్కడ ఇంకోటి దొరుకుతలేదు. కెనడాల మా అన్నవాళ్ల ఊర్లనే దొరికింది. నువ్వు వద్దంటే పోను."

తండ్రి ఒప్పుకోనిదే బిడ్డను దేశం దాటించడానికి లేదిక్కడ. వద్దనాలనే ఉంది అక్కా. కానీ శైలజకు ఈ ఊళ్లో ఎవరున్నారు? కరోనాతో తను గదిలో పడి ఉంటే, మేఘనే అన్నం వండి తలుపు దగ్గర పెట్టి వెనక్కి పరుగెత్తేదట. అక్కడైతే మేనమామ ఉన్నాడు, అత్త ఉంది. ఆఫీసులో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, తీసుకుని వెళ్లి సంతకం పెట్టాను.

చెప్పినప్పుడు మేఘన ఏడవలేదు. "అయితే కార్ జల్ది చేయాలె నాన్నా" అంది. చేశాం. ఫిట్‌నెస్ తనిఖీ కూడా దాటింది.

వాళ్లు వెళ్లేముందటి ఆదివారం తండ్రీబిడ్డలం కొండల మీదికి వెళ్లొచ్చాం. శైలజ ఇంటి ముందు ఆపితే మేఘన బెల్టు తీయలేదు. నేనూ ఇంజన్ ఆపలేదు. ఇక్కడ ఆదివారం చప్పుడు చేయకూడదు కదా, ఎవరో కిటికీ తెరిచి అరిచారు. శైలజ గబగబా కిందికి దిగి వచ్చింది. తిడుతుందనుకున్నాను. కారు చుట్టూ ఒకసారి తిరిగింది. తలుపు మీద చెయ్యి వేసి, "నన్ను గూడ ఒక్క రౌండ్ తిప్పు" అంది.

మేఘన దిగి, ముందు సీటు మడిచి, తను వెనక్కి దూరి అమ్మకు చోటిచ్చింది. ముగ్గురం ఒక కారులో కూర్చుని ఎన్నేళ్లయిందో. మేఘన వెనకనుంచి రెండు చేతులూ చాపి ఒకటి నా భుజం మీద, ఒకటి వాళ్లమ్మ భుజం మీద వేసింది. ఇల్లు రాగానే "ఇంకోసారి" అంది. మళ్లీ తిప్పాను. మళ్లీ "ఇంకోసారి". శైలజ వద్దనలేదు. పెట్రోలు ముల్లు అడుగుకు దిగేదాకా ఆ నాలుగు వీధుల్లోనే తిరిగాం.

అక్కా, శైలజకు ఒకసారి ఫోన్ చెయ్యి. తిట్టడానికి కాదు. ఇల్లు దొరికిందా, చలి ఎట్లుంది అని అడుగు, చాలు. పెద్దమ్మకు, చిన్నాయనకు నా దండాలు చెప్పు. నన్ను, నా బిడ్డను దీవించు.

నీ తమ్ముడు,
శ్రీధర్