చిప్‌లు నొక్కిన సంగతి

మరదలికి,

మ్యూజియంలో మీ అక్క పదేళ్లు కాపాడిన పాత కంప్యూటర్ మళ్లీ పనిచేస్తోంది. ముందు ఆ మాట చెప్పాలి.

రేపటిలోగా అది లేవకపోతే తుక్కు కింద పంపేస్తామని మ్యూజియం వాళ్లన్నారు. నాకు తెలిసింది అక్కడి పాత విమానాల ఇంజన్లు తిప్పడమే. మీ అక్క పోయిన ఈ ఆరు నెలల్లో దాని మూత తీయడానికి నాకు చేతులు రాలేదు.

నిన్న ఫోన్లో నువ్వు, "అయ్యో బావా, దానికింత భయమా? వేడెక్కి, చల్లారి, చిప్‌లు గూళ్లలోంచి పైకి జరుగుతాయి. అక్క ప్రతి సోమవారం బొటనవేలితో నొక్కేది, అంతే!" అన్నావు. మీ అక్క తలుపేసుకుని ఏదో మహా మరమ్మతు చేస్తోందనుకుని, నేను బయట కాలుగాలిన పిల్లిలా తిరిగేవాణ్ని.

ఇవాళ ఒక్కొక్కటే నొక్కుతూ వచ్చాను. ఇరవై మూడోది టక్కుమని కూర్చుంది. తెర వెలిగింది. ఆపితే తేదీ మరిచిపోయే యంత్రం కదా, ఇవాళ తేదీ ఎంతని అడిగింది. కొన్నాళ్లుగా నేనూ అంతే. పక్క గదిలో క్యాలెండర్ చూసొచ్చి కొట్టాను.

ఒప్పుకుంది.

మీ బావ