పేరు చెక్కిన రాయి

చోడవరం,
ఆదివారం.

ప్రియమైన ఫణిశ్రీకి,

ఫోనులో మాట్లాడుతుంటే మీ చిన్నాన్న పక్కనే కూర్చుంటున్నాడు. అందుకే ఇన్నేళ్ల తర్వాత కలం పట్టాను.

డాక్టరు నిన్ను మంచం దిగవద్దన్నప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. రాజమండ్రి వచ్చి నీ పురుడు నేనే పోయాలని ఉంది. కానీ చెరకు తోటలోని మన సమాధుల దిబ్బ నన్ను వదలదు. మీ నాన్నగారిని కూర్చోబెట్టి సమాధి చేసిన రోజునే పక్కన ఇంకో గొయ్యి కట్టి, మూత రాయి మీద నా పేరు చెక్కించారు కదా. రాయి మీద పేరున్న మనిషి చనిపోయి ఆ గోతిలోకి చేరేదాకా ప్రతి సోమవారం అక్కడ తనే దీపం పెట్టాలని మన ఇంటి ఆచారం.

మీ చిన్నాన్నని అడిగాను. "ఒక్క సోమారం తప్పినా ఇంటికి అరిష్టం వదినా. పిల్లకి నర్సుని పెడదాం," అన్నాడు.

శివుడంటే నాకు భక్తే తల్లీ. కానీ వారం వారం నా పేరు మీది దుమ్ము నేనే తుడుచుకుంటుంటే ఊపిరాడదు.

మీ తాతగారి చెల్లెలు అచ్చియ్యమ్మ మామ్మ జ్వరంతోనే నా వెంట దిబ్బకి వచ్చి నవ్వుతుంది. "నీకు ముందే ఇల్లు కట్టేసేరే! నేను ఆడపడుచునంట. డెబ్బై ఏళ్లు ఈ ఇంట్లో ఉన్నా నాకిక్కడ జాగా లేదంట, సూడు!"

నీ అమ్మ,
లక్ష్మీసుందరి

రాజమండ్రి,
గురువారం.

ప్రియమైన అమ్మకు,

నర్సు వద్దు. నువ్వే కావాలి. నాకు భయంగా ఉంది. బతికున్న మనిషికి ఆ రాయి ఎందుకమ్మా? మామ్మకి జ్వరం తగ్గిందా?

నీ ఫణి

చోడవరం,
మంగళవారం.

ప్రియమైన చిట్టితల్లికి,

మామ్మ శనివారం పొద్దున్నే శివైక్యం చెందింది. మగవాళ్లు అరుగు మీద చేరి, ఆడపడుచుకి దిబ్బలో చోటు లేదు, ఊరి శ్మశానానికే అని తేల్చేశారు. నేను బయటికి వచ్చి, "నా గోతిలో కూర్చోబెట్టండి," అన్నాను.

"అదేటి వదినా, అది నీది కదా!"

"నాదే. అందుకే ఇస్తన్నాను."

మీ చిన్నాన్న, సమాధి తంతు చేయించడానికి వచ్చిన అయ్యగారి వైపు చూశాడు. ఆయన విభూతి సంచి విప్పుతూ, "చోటు గలావిడే ఇచ్చేక మనమేటి సెప్తాం, బాబూ," అన్నారు.

మామ్మ చేతిలో లింగం పెట్టి, మీ నాన్న పక్కన కూర్చోబెట్టారు. నిన్న రాతిపనివాడు మూత రాయి మీద నా పేరు చెరిపేసి ఆవిడ పేరు చెక్కాడు. రాతిపొడి చీర మీద పడితే దులుపుకున్నాను. గొయ్యి నిండింది. నా దీపం తీరిపోయింది.

అందరూ నాది పెద్ద మనసంటున్నారు. నీకు మాత్రం నిజం చెబుతాను. మామ్మ కళ్లు మూసిన నిమిషంలోనే, ఏడుపు కన్నా ముందు, నాకు ఆ గొయ్యి గుర్తొచ్చింది. ఆవిడకి చోటిద్దామని కాదు, నేను బయటపడదామని. ఆ దేవుడు ఏమనుకున్నాడో.

వచ్చే సోమవారం దీపం వేళకి నీ దగ్గరికి వచ్చే బస్సులో ఉంటాను. ఈ కాగితాలు నీ పెట్టెలో అడుగున దాచు. పుట్టబోయే బిడ్డకి కూడా చూపించకు.

నీ అమ్మ