రెండో డబ్బాలో హార్డనర్ వేశానా?

బుధవారం. బంద్ మూడో రోజు.

గూడూరు చెరువులో చేపలు పట్టే రాజయ్య బాపు పడవను బోర్లించి, అడుగుకు నీళ్లు దిగకుండా జెల్‌కోట్ పూత కొట్టాను. అంత చిక్కటిది బైకులకు రంగేసే నా చవక స్ప్రే గన్‌లోంచి సరిగ్గా రాదు. సగంలోనే గన్ ముక్కు మూసుకుపోయింది. కడిగి, రెండో డబ్బా కలుపుతుండగా ఊరేగింపు షెడ్డు ముందుకొచ్చింది. డబ్బా వదిలేసి రోడ్డెక్కాను. జై తెలంగాణ అని గొంతు పోయేదాకా అరిచాను. అరగంటకు తిరిగొస్తే డబ్బాలోది కొంచెం కూడా గట్టిపడలేదు. బతికిపోయాననుకుని మిగతా సగం కొట్టేశాను.

పూతను గట్టిపరిచే ఆ హార్డనర్ వేసి ఉంటే అరగంటలో గడ్డకట్టాలి కదా! ఇప్పుడు తట్టింది.

సాయంత్రం బాపు వచ్చాడు.

"గట్టిపడ్డదా బిడ్డా? తెల్లారకముందే తీస్కపోత. తర్వాత బండ్లు పోనియ్యరు. మా ముసల్ది గూడ ఎక్కుతనంటున్నది, దానికి ఈత రాదు."

"పడ్డది బాపు," అన్నాను, తాకి చూడకుండానే.

ఇందాక టార్చి పట్టుకెళ్లి తాకాను. పైపొర కాస్త జిగటగా ఉండటం మామూలేనంటారు. ఎంత జిగట మామూలు? ఆ పొర ఊడొస్తే నీళ్లు లోపలికి... ఫోను చేసి చెప్పాలి. నంబరు నొక్కి కట్ చేశాను.

ఈ డైరీ పేజీ తిప్పబోతే, పడవను తాకిన వేలికి అంటుకుంది.