వెళ్ళొస్తా

అయ్యా,

మీ ఆఫీసు చుట్టూ తిరిగి కాళ్ళరిగిపోయాయి. ఇక తిరిగే ఓపిక లేక రాస్తున్నాను.

మా కోడలు పరాయి దేశపు పిల్ల. నిరుటిదాకా ఇక్కడ కాపురముండడానికి పెళ్ళి చాలేది, ఇప్పుడు భాష పరీక్ష కూడా నెగ్గాలట. పరీక్ష తప్పింది కాబట్టి దేశం విడిచి పొమ్మన్నారు.

మా ఇస్త్రీ కొట్లో బేరాలన్నీ ఆ పిల్లే మాట్లాడుతుంది. "చొక్కా కాలిందంటే ఊరుకోను" అన్నవాడితో, "కాలితే మా ఆయనది తొడుక్కుపో" అంటుంది. ఆ భాషంతా నేను నేర్పిందే.

"ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు ఏమంటారు?" అని పరీక్షలో అడిగారట. "వెళ్ళొస్తా" అందట. పుస్తకంలో "సెలవు" అని ఉందని సున్నా వేశారు.

ఉత్తినే "వెళ్తా" అనకూడదే పిల్లా అని చెప్పింది నేనే. రేపు మీరు పంపించేస్తే, గుమ్మం దాటుతూ అది ఏమనాలో కూడా తమరే సెలవివ్వండి.

దానికి మాటలు నేర్పిన అత్త